మూజువాణి ఓటుతో నెగ్గిన తప్పు

అయిదేళ్ళు శాసనసభలో కూర్చున్నాను. సభ నడవాలంటే కనీసం ఎంతమంది ఉండాలో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. దాన్ని కనిపెట్టింది ఫిల్మ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతి చదివే అమ్మాయి. కనిపెట్టినందుకు ఆమెకు ఒక మార్కు కోసేశాను. ఆ మార్కు తిరిగి వేయడానికి ఎర్ర పెన్ను ఒక్కటి చాలు. నేను మాత్రం అందుకు ఒక సభ, ఒక సెట్టు, ఒక ముఖ్య అతిథి, ఒక రాజీనామా దాకా వెళ్ళాను. కొత్తగా బడుల్లో పాఠాలు చెప్పడానికి చేరిన మీలాంటి వాళ్ళకు ఇది పనికొస్తుందేమోనని రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి. ఆ అమ్మాయి మాత్రం అప్పుడు నవ్వలేదని గుర్తుంచుకోండి.

ముందు నా సంగతి. బి.ఎడ్. చేసి రెండేళ్ళు కోస్తాలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పాను. తరువాత రాజకీయాల్లోకి వెళ్ళి ఒకే ఒక్కసారి ఎమ్మెల్యేగా గెలిచాను. మూడేళ్ళు ప్రతిపక్షంలో ఉన్నాను, రెండేళ్ళు అధికారపక్షంలో ఉన్నాను. మధ్యలో ఎన్నికలేమీ రాలేదు. సభా రికార్డుల్లో నేను మాట్లాడిన మాట ఒక్కటే ఉంది: "అధ్యక్షా". రెండో మాటకు మైకు ఆగిపోయింది. వాకౌట్లు మాత్రం బాగా చేసేవాణ్ణి. ఎందుకు బయటికి వెళ్తున్నామో ముందు వరసలో వాళ్ళకు తెలుసు. వెనక వరసలో మాకు క్యాంటీన్ ఎటుందో తెలుసు.

అధికారపక్షంలో ఉండగా ఒక మధ్యాహ్నం పక్క సభ్యుడు మోచేత్తో పొడిస్తే మెలకువ వచ్చి "అవును" అని అరిచాను. బిల్లు నెగ్గింది. మర్నాడు పేపర్లో చూసుకుంటే, మా నియోజకవర్గంలోని నాలుగు పల్లెలను పక్క పురపాలక సంఘంలో కలిపే సవరణ అది. ఉపాధి పనులు పోతాయి, ఇంటి పన్ను పెరుగుతుంది. ఆ పల్లెల వాళ్ళు లారీ ఎక్కి నా ఇంటి ముందుకొచ్చారు. నేను గట్టిగా వ్యతిరేకించాననీ, మూజువాణి ఓటుతో నెగ్గించుకున్నారనీ చెప్పాను. మూజువాణి ఓటులో ఉన్న సుఖమే అది. నోటితో అరిచేయడమే. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో ఎక్కడా పేరు రాసి ఉండదు.

వాళ్ళు వదల్లేదు. రాజీనామా చెయ్యమన్నారు. చేశాను. రాజీనామా స్పీకర్ ఫార్మాట్‌లో ఉండాలి, అంటే కారణాలు లేకుండా ఒక్క వాక్యంలో ఉండాలి. నేను రెండున్నర పేజీల కారణాలు రాసి, విలేకరులకు ప్రతులు పంచాను. అనుకున్నట్టే అది చెల్లలేదు. ఆ తరువాతి ఎన్నికల్లో నేనూ చెల్లలేదు.

ఓడిపోయిన ఎమ్మెల్యేకు పాత సర్టిఫికెట్లు బీరువాలో దొరకడం అదృష్టమనే చెప్పాలి. మా జిల్లాయనే ఒకాయన ఫిల్మ్‌నగర్‌లో బడి నడుపుతున్నాడు. కరస్పాండెంటు. బడికి పక్కనే ఆయనకు జూనియర్ కాలేజీ కూడా ఉంది. నన్ను చూడగానే ఉద్యోగం ఇచ్చాడు, నా పాఠం చూసి కాదు, నా పరపతి చూసి. మొదటి వారమే బడి బస్సు పర్మిట్ కోసం ఒక ఆఫీసుకు పంపాడు. గుమ్మం దగ్గర అటెండరుకు నేను మాజీ ఎమ్మెల్యేనని చెప్పుకున్నాను. అతను ఒక బల్ల చూపించి, ఈ రోజు మీరు మూడోవారండీ అన్నాడు. మిగతా ఇద్దరూ అప్పటికే ఆ బల్ల మీద కూర్చుని ఉన్నారు. సాయంత్రం దాకా ముగ్గురం కబుర్లు చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళం వచ్చాం. పర్మిట్ రాలేదు. అప్పటినుంచీ కరస్పాండెంటు నాకు కుర్చీ చూపించడం మానేశాడు.

పిల్లలు నన్ను "మాజీ సార్" అనేవారు. సగంమంది పిల్లలు కృష్ణానగర్ గదుల్లోంచీ షేక్‌పేట నుంచీ వచ్చేవాళ్ళు, తక్కిన సగం జూబ్లీహిల్స్ పెద్ద గేట్ల వెనకనుంచి వచ్చేవాళ్ళు. రెండు రకాల వాళ్ళ ఇళ్ళల్లోనూ సినిమాయే అన్నం పెట్టేది. అందుకే మా సెలవు చీటీలు వేరే బడుల్లో కనిపించవు. "నిన్న వరదలో కొట్టుకుపోవలసి ఉన్నందున బడికి రాలేకపోయాను" అని ఒక చీటీ. "మా నాన్నను ఉరి తీస్తున్నందున చూడడానికి వెళ్ళాను" అని ఇంకొకటి. మొదట్లో కంగారుపడేవాణ్ణి. తరువాత సంతకం పెట్టి, ఉరి ఎన్నింటికి అయిపోయిందని అడగడం నేర్చుకున్నాను.

తరగతిలో నా పద్ధతి ఒకటుండేది. దేనికైనా మూజువాణి ఓటు. కిటికీ తెరవాలా, పరీక్ష రేపా ఎల్లుండా, ఫ్యాను రెండులో పెట్టాలా మూడులోనా. "అనుకూలమైనవారు అవును అనండి. వ్యతిరేకమైనవారు కాదు అనండి. అవుననేవారే ఎక్కువ, అవుననేవారే ఎక్కువ. ప్రతిపాదన నెగ్గింది." పిల్లలకు ఇది పండగ. గోడ అవతల లెక్కల టీచరమ్మకు మాత్రం నరకం. ఆవిడది గుంటూరు వైపు, ఆదివారం చర్చిలో పాట పాడే గొంతు, మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో నన్ను దిద్దేది. మీ సభ ఎప్పుడు వాయిదా పడుతుందో చెబితే నేను త్రికోణమితి మొదలుపెడతానండీ మాజీగారూ, అనేది.

ఇక ప్రీఫైనల్ పరీక్ష. ఒక మార్కు ప్రశ్న: శాసనసభకు కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, ఎంత? మొత్తం సభ్యుల్లో మూడో వంతు అని నేను చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నానంటే చెప్పలేను. నేను చూసినన్నాళ్ళూ సభలో మూడో వంతే ఉండేవాళ్ళం, అందుకేనేమో. తరగతంతా అదే రాసింది. మూడో బల్ల చివర కూర్చునే ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: పది మంది గానీ, మొత్తం సభ్యుల్లో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అది.

సున్నా వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆమె లేచి నిలబడి, పుస్తకంలో ఇలాగే ఉంది సార్, అంది. పుస్తకం తెరిచి చూపించబోయింది. చూడొచ్చు. చూస్తే అరనిమిషం పని. కానీ అయిదేళ్ళు సభలో ఉన్న మనిషిని నేను. పది మంది ఉంటే సభ కాదమ్మా, పెళ్ళిచూపులు, అన్నాను. తరగతి గొల్లుమంది. ఆ నవ్వు నా తలకెక్కింది. అలవాటు చొప్పున చెయ్యెత్తాను.

"కోరం మూడో వంతు అనేవారు అవును అనండి."

"అవును" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

"కాదనేవారు?"

"కాదు" అని ఒక్క గొంతు.

"అవుననేవారే ఎక్కువ. మూడో వంతు అని ఈ సభ ఆమోదించింది."

"డివిజన్ కావాలి సార్" అందా అమ్మాయి. అంటే, మూజువాణి కాదు, లేచి నిలబెట్టి తల తలా లెక్కపెట్టమని. అది సభ్యుడి హక్కు. ఆ హక్కు గురించి పాఠం చెప్పింది నేనే. గంట కొట్టారు. నేను పుస్తకాలు సర్దుకున్నాను.

ఇది ఒక్క మార్కు గొడవైతే ఇంత రాయనవసరం లేదు. ప్రీఫైనల్లో మొదటి స్థానం వచ్చిన వాళ్ళకు తన జూనియర్ కాలేజీలో ఫీజు లేకుండా సీటు ఇస్తానని కరస్పాండెంటు ఏటా ప్రకటించేవాడు. ఆ ఏడు మొత్తం మార్కుల్లో ఆ అమ్మాయి అర మార్కు తేడాతో రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానం వచ్చినవాడు జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి అబ్బాయి. నిజానికి అతనికి ఆ సీటు అక్కర్లేదు. వాళ్ళ కారు పట్టేంత చోటే ఆ కాలేజీలో లేదు.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరుస్తుంటే గుమ్మంలో ఒక మహిళా కానిస్టేబుల్ నిలబడింది. మాజీ ఎమ్మెల్యేలకు ఖాకీ బట్టలు చూడగానే గుండె జారుతుంది. ఏ పాత కేసు బయటికొచ్చిందోనని నేను లేచి నిలబడ్డాను. ఆమె గబగబా టోపీ తీసేసింది.

"నేను పోలీసు కాదు సార్, జూనియర్ ఆర్టిస్టును. మా బిడ్డ మీ తానే పది చదువుతుంది. గీ పక్క ఇంట్లనే షూటింగు, లంచ్ బ్రేక్‌ల ఉరికొచ్చిన. వాచ్‌మన్ సెల్యూట్ గూడ కొట్టిండు."

ఆ అమ్మాయి తల్లి. కృష్ణానగర్‌లో ఒక గది. ఒకప్పుడు గ్రూప్ డ్యాన్సరు, మోకాలు పోయాక గుంపులో నిలబడే వేషాలు. బిడ్డ ఇంటర్‌లో సివిక్స్ ఉన్న గ్రూపు చదువుతానంటోందట. సీటు వస్తే చదివిస్తుంది. రాకపోతే తన వెంట షూటింగులకు తీసుకుపోవడమే, వేరే దారి లేదు. ఇదంతా ఆమె ఏడవకుండా, బేరం ఆడకుండా చెప్పింది. చివర, పుస్తకంల ఉన్నదే రాసిందంట గద సార్, మీరు ఎమ్మెల్యే జేసినోళ్ళు, జర చూడుండ్రి, అంది.

నేను నా జీవితంలో కొన్ని వేలసార్లు అన్న మాటే అన్నాను.

"చూద్దాం."

ఆమె టోపీ పెట్టుకుంది. "మా దగ్గర డైరెక్టర్లు గూడ గిట్లనే అంటరు సార్. కృష్ణానగర్ మొత్తం గా మాట మీదనే బతుకుతున్నది. చూద్దాం అంటే లేదనే గద. లేదని చెప్తే ఇంటికి పోతం."

లెక్కల టీచరమ్మ తలెత్తకుండా అన్నం తింటూ కూర్చుంది. కానిస్టేబుల్ వెళ్ళాక డబ్బా మూత పెట్టి, సోషల్ పుస్తకం నా ముందుకు జరిపింది. పేజీ మధ్యలో ఆవిడ స్కేలు పెట్టి ఉంది. చదివాను. పది మంది గానీ, పదో వంతు గానీ.

ఆ రోజే దిద్దెయ్యాల్సింది. దిద్దలేదు. ఎందుకో నిజాయితీగా చెబుతాను. వార్షికోత్సవానికి నేను పదో తరగతి చేత నమూనా శాసనసభ వేయిస్తున్నాను. దానికి సెట్టు ఇస్తున్నది ఆ నిర్మాతగారు. ఏదో రాజకీయ సినిమా కోసం కట్టిన అసెంబ్లీ సెట్టు ఆయన గోడౌనులో పడి ఉంది. ఆహ్వానపత్రికలు కూడా అచ్చయ్యాయి, ప్రథమ స్థానం అని అబ్బాయి పేరుతో సహా. కరస్పాండెంటును అడిగితే ఒప్పుకోడు. నేను అడగాలి, ఆయన కాదనాలి, ఆ తరువాత ఏం చెయ్యాలో నాకు తెలియాలి. ఇంత దూరం ఆలోచించి, తెరిచి ఉన్న నా డబ్బా ముందుకు లాక్కుని తినేశాను.

వార్షికోత్సవం మధ్యాహ్నం. బడి ఆవరణలో అసెంబ్లీ సెట్టు లేచింది. స్పీకర్ కుర్చీ అసలు దానికన్నా ఎత్తు, రెండు వైపులా థర్మకోలు సింహాలు. పొద్దున్నే ఎవరో దానికి కొత్తగా రంగు వేశారు. మైకులు వరసగా ఉన్నాయి గానీ ఏదీ పనిచెయ్యదని సెట్టుతో వచ్చిన అసిస్టెంట్ డైరెక్టర్ చెప్పాడు. అచ్చం సభలాగే ఉంది బాబూ అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, సార్ మీ నడకలో ఎమ్మెల్యే కనబడట్లేదు, కొంచెం ఛాతీ విరవండి, అన్నాడు. విరిచాను.

ముఖ్య అతిథిగా రావలసిన హీరో రాలేదు. ఆయన బదులు సినిమాల్లో ఎప్పుడూ మంత్రి వేషం వేసే నటుడు వచ్చాడు. తెల్ల ఖద్దరు, కండువా, వేలికి ఉంగరాలు. బందోబస్తుకు వచ్చిన నిజం కానిస్టేబుల్ ఆయనకు సెల్యూట్ కొట్టాడు. కొంతమంది తల్లిదండ్రులు ఆయన చేతికి అర్జీలు ఇచ్చారు. నల్లా నీళ్ళ గురించి, షేక్‌పేట వీధి దీపాల గురించి. ఆయన ప్రతి అర్జీనీ కళ్ళకద్దుకుని, చూద్దాం తల్లీ, చూద్దాం అన్నాడు. నాకన్నా బాగా అన్నాడు. నేను పక్కన ఆయన శాలువా పట్టుకుని నిలబడ్డాను.

సభ మొదలైంది. నలభై ఇద్దరు సభ్యులు. స్పీకర్ కుర్చీలో నేను. నిర్మాతగారి అబ్బాయి ముఖ్యమంత్రి. మూడో బల్ల అమ్మాయి ప్రతిపక్ష నాయకురాలు. బడి సంచుల బరువు తగ్గించే బిల్లు. నేను రాసిన స్క్రిప్టు ప్రకారం కొంచెం గొడవ, ఒక వాకౌట్, తిరిగి రావడం, బిల్లు ఆమోదం, ముఖ్య అతిథి ప్రసంగం.

వాకౌట్ బ్రహ్మాండంగా చేశారు. నేను నేర్పినవాటిలో ఒక్క తప్పు కూడా లేకుండా వచ్చింది అదొక్కటే. అయితే నిర్మాతగారు సెట్టుతో పాటు యూనిట్‌కు టీ టిఫిన్లు చేసే వంటవాళ్ళను కూడా పంపారని నాకు తెలియదు. గోడ వెనక మిరపకాయ బజ్జీలు దిగుతున్నాయి. ప్రతిపక్షం బయటికి వెళ్ళింది, తిరిగి రాలేదు. వాసన లోపలికి వచ్చింది. వెనక వరసలోంచి అధికారపక్షం ఒక్కొక్కరే లేచి వంగి వంగి జారుకున్నారు. అధికారపక్షం వాకౌట్ చేయడం నేను మొదటిసారి చూశాను. వాళ్ళను తప్పుపట్టే అర్హత లోకంలో అందరికన్నా నాకే తక్కువ.

ప్రతిపక్ష నాయకురాలు మాత్రం ముగ్గురిని వెంటేసుకుని తిరిగి వచ్చింది. కూర్చోలేదు. లోపల ఉన్నవాళ్ళందరినీ వేలు పెట్టి లెక్కపెట్టింది. తరువాత పనిచెయ్యని మైకును పక్కకు జరిపి నిలబడింది.

"అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్. సభలో కోరం లేదు."

ఇది స్క్రిప్టులో లేదమ్మా అని గొంతు తగ్గించి అన్నాను.

"మూడో వంతు ఉండాలని తమరే రూలింగ్ ఇచ్చారు అధ్యక్షా. నలభై రెండులో మూడో వంతు పధ్నాలుగు. ఇక్కడ పదకొండు మందిమే ఉన్నాం. సభను వాయిదా వెయ్యండి."

ముందు వరసలో కరస్పాండెంటు చెయ్యి తిప్పుతున్నాడు, కానివ్వు కానివ్వు అని. ముఖ్య అతిథి ప్రసంగం ఇంకా ఉంది. బిల్లు ఉంది. వాయిదా వేస్తే ఉత్సవం అక్కడితో సరి. కుర్చీల చివర ఆ తల్లి నిలబడి ఉంది, ఆ రోజు ఖైదీ వేషం, తెల్లచీర మీద నంబరు బిళ్ళతో సహా.

"వాయిదా వెయ్యకపోతే?" అన్నాను.

"అయితే పదకొండు మంది చాలని చెప్పండి అధ్యక్షా."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. దారి రెండు వైపులా మూసి, ఒక్క మనిషి పట్టేంత సందు మాత్రం వదిలింది. సభలో అయిదేళ్ళున్నా నాకంత ఒడుపు అబ్బలేదు.

లేచాను. కుర్చీ కూడా కొంచెం లేచింది, రంగు ఆరలేదు. ప్యాంటు కుర్చీని విడిచిపెట్టేదాకా ఆగి, ఎవరికీ మైకు అవసరం లేనంత గట్టిగా చెప్పాను.

"సభలో కోరం ఉంది. పది మంది గానీ, పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అది. పదకొండు మంది చాలు. మూడో వంతు అని స్పీకర్ చెప్పింది తప్పు. తప్పని తెలిశాక కూడా దిద్దలేదు. అది ఇంకా పెద్ద తప్పు."

చప్పట్లు మోగాయి. ఆగకుండా మోగాయి. నిర్మాతగారు లేచి నిలబడి కొట్టాడు. ముఖ్య అతిథి తన ప్రసంగంలో, స్పీకర్ పాత్ర వేసిన పెద్దాయన చక్కగా చేశారనీ, పశ్చాత్తాపం పలికించడం ఏ నటుడికైనా కష్టమనీ, క్లైమాక్స్ మలుపు బాగా రాసుకున్నారనీ మెచ్చుకున్నాడు. నా జన్మలో మొదటిసారి జనం ముందు నిజం ఒప్పుకుంటే, అది కూడా నటనగానే చెల్లింది. అందరిలో చప్పట్లు కొట్టనిది ఇద్దరే. ఒకరు ఆ అమ్మాయి. ఇంకొకరు లెక్కల టీచరమ్మ.

ఆవిడ నేను కిందికి దిగేదాకా ఆగి అంది: "తప్పు ఒప్పుకోవడానికి సభ ఎందుకండీ మాజీగారూ. ఎర్ర పెన్ను చాలు."

మర్నాడు పొద్దున్నే ఆ పేపరు తీశాను. సున్నా కొట్టేసి ఒకటి వేశాను. పక్కన పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. ఎవరు అవునన్నారో తెలియని పద్ధతి నాకు బాగా అలవాటు, అందుకని. మొత్తం కూడితే ఆ అమ్మాయి అర మార్కు పైన ఉంది. పేపరు పట్టుకుని కరస్పాండెంటు గదికి వెళ్ళాను.

ఆయన అంతా విన్నాడు. బోర్డు మీద జాబితా పెట్టేశాం, ఆహ్వానపత్రికలో పేరు వేశాం, నిర్మాతగారు ఏమనుకుంటారు, నిన్ననే కదండీ ఆయన సెట్టు ఇచ్చింది, అన్నాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలి, చూద్దాం లెండి, అన్నాడు.

ఆ మాట ఎలా ఉంటుందో బల్లకు ఈవల నిలబడి విన్నప్పుడు తెలిసింది. నేను బల్ల మీది కాగితం ఒకటి తీసుకుని ఒక్క వాక్యం రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మా జిల్లా మనిషి కదా, నా పాత కథ తెలుసు.

"ఇది స్పీకర్ ఫార్మాట్‌లోనే ఉందే" అన్నాడు.

"ఈసారి అలాగే రాశానండీ."

బతిమాలతాడనుకున్నాను. కనీసం కూర్చోమంటాడనుకున్నాను. అంతలో తలుపు తోసుకుని నిర్మాతగారి అబ్బాయి వచ్చాడు. చేతిలో తన సోషల్ పేపరు. బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు. ఆ ప్రశ్న కింద మొదట "పది మంది గానీ, పదో వంతు" అని రాసి ఉంది. దాని మీద అడ్డంగా గీత. గీత పక్కన మూడో వంతు.

"నాకూ తెలుసు సార్. పుస్తకంలో చదివాను. కానీ మీరు చెప్పింది రాస్తేనే మార్కు వేస్తారని కొట్టేశాను. ఓటప్పుడు కూడా అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. ఫస్ట్ ఆ అమ్మాయిదే సార్. మా నాన్నకు నేను చెప్తాను."

నలభై మందికి నేను తప్పు నేర్పాను. అది పుస్తకం చూసి దిద్దుకోవచ్చు. ఆ అబ్బాయికి మాత్రం, ఒప్పు తెలిసి కూడా దాని మీద గీత కొట్టడం నేర్పాను. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అన్ని కాగితాల్లోనూ, సున్నాలూ ఓటమి పత్రాలూ అన్నిటిలోనూ, ఆ గీత దగ్గరే నా తల ఎక్కువ వంగింది.

కరస్పాండెంటు మొహం తేటపడింది. నిర్మాతగారి భయం పోయింది కదా. వెంటనే గుమాస్తాను పిలిచి జాబితా మార్చమన్నాడు, ఆ అమ్మాయి పేరు పైన రాయమన్నాడు, సీటు కాగితం ఆ పూటే ఇమ్మన్నాడు. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నా రాజీనామా తీసుకోబోయాను. ఆయన దాని మీద పేపర్‌వెయిట్ పెట్టాడు.

"అది వేరు, ఇది వేరండీ" అన్నాడు. "బస్సు పర్మిట్ ఇంకా రాలేదు" అని, కింద 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నిజమైన రాజీనామా ఎంత తొందరగా చెల్లుతుందో ఆ వయసులో తెలిసింది. విద్యా సంవత్సరం చివరిదాకా మాత్రం ఉండమన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర ఆ తల్లి కనబడింది, ఆ రోజు ఏ వేషమూ లేకుండా. సీటు కాగితం మడత విప్పి మళ్ళీ చదువుకుంటోంది. నన్ను చూసి అంది: "చూద్దాం అన్నరు గద సార్. నిజంగనే చూసిండ్రు. గా మాటకు గిట్ల గూడ అర్థం ఉంటదని నాకు ఎర్కలేదు."

నాకూ ఎరుక లేదమ్మా అన్నాను. ఆ నాలుగు పల్లెల వాళ్ళకు ఆ రాత్రి ఒక ఉత్తరం మొదలుపెట్టాను. మూజువాణి ఓటులో అవునన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణని. ఆ ఉత్తరం కూడా కారణాలు రాయకుండానే పంపాను. జవాబు రాలేదు. రావాలని కూడా లేదు.

నా చివరి రోజుకు పదో తరగతికి ప్రిపరేషన్ సెలవులు మొదలయ్యాయి. సందేహాలు అడగడానికి కొద్దిమందే వచ్చారు. పాఠం అయిపోయింది. చెప్పడానికి ఇంకేమీ లేక, అలవాటు కొద్దీ చెయ్యెత్తాను. మాజీ సార్ ఇక వెళ్ళిపోవచ్చు అనేవారు అవును అనండి, అన్నాను. పిల్లలు పిల్లలే. ఎండగా ఉంది, బయట బంతి ఉంది. "అవును" అని హాయిగా అరిచారు. నిర్మాతగారి అబ్బాయి మాత్రం నోరు తెరవలేదు. ఆ గీత తరువాత అతను దేనికీ తొందరపడి అరవడం మానేశాడు. కాదనేవారు అని అడిగాను. ఎవరూ అనలేదు. నవ్వి, అవుననేవారే ఎక్కువ అనబోతున్నాను.

మూడో బల్ల చివర ఆ అమ్మాయి లేచింది. కాదు అనలేదు. అటూ ఇటూ చూసి వేలితో లెక్కపెట్టింది.

"అధ్యక్షా, తొమ్మిది మందిమే ఉన్నాం. కోరం లేదు. ఈ తీర్మానం చెల్లదు."

పుస్తకం తెరిచి చూడనవసరం లేకపోయింది. ఆమె చెప్పింది నిజం. పదికి ఒకరు తక్కువ. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, సభను నిరవధికంగా వాయిదా వేశాను.